పల్లెలో సెల్ టవర్: పంచాయతీ చేతిలో మిగిలిన అనుమతి

గ్రామంలో సెల్ టవర్ నిలబెట్టడానికి పంచాయతీ అనుమతి అవసరమా, అవసరమైతే ఆ అనుమతి ఏయే విషయాలకు వర్తిస్తుంది, ఊరివాళ్లు అభ్యంతరం చెబితే దానిని వినవలసిన అధికారి ఎవరు అన్న ప్రశ్నలకు భారతదేశంలో చట్టాలు, నిబంధనలు, హైకోర్టు తీర్పులు ఇచ్చిన సమాధానాలు ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు. ఈ గందరగోళానికి మూలం రాజ్యాంగంలోని అధికార విభజనలోనే ఉంది. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలోని 31వ అంశం తంతి తపాలాలను, టెలిఫోన్లను, వైర్‌లెస్‌ను పార్లమెంటుకు అప్పగించగా, రాష్ట్ర జాబితాలోని 5వ అంశం స్థానిక పాలనను, 18వ అంశం భూమిని, 49వ అంశం భూములు భవనాలపై పన్నును రాష్ట్రాలకు ఇచ్చాయి. టవర్ పైభాగాన బిగించిన యాంటెనాలు కేంద్రం ఇచ్చిన లైసెన్సు మీద పనిచేస్తే, దాని కాళ్లు రాష్ట్ర రెవెన్యూ రికార్డులోని ఒక సర్వే నంబరులో పాతుకుని ఉంటాయి, ఆ సర్వే నంబరు ఉన్న ఊరికి ఎన్నికైన పాలకవర్గం ఒకటి ఉంటుంది. ఒకే కట్టడం మీద మూడు ప్రభుత్వాల నీడ పడుతుంది.

పల్లెల్లో సాధారణంగా కనిపించేది నేల మీద నుంచి లేచే టవర్. ఇనుప కోణాలతో అల్లిన దాని చట్రం తరచుగా 40 మీటర్ల ఎత్తుంటుంది; చుట్టూ కంచె, లోపల రేడియో పరికరాల పెట్టె, బ్యాటరీలు, కరెంటు నమ్మకంగా రాని చోట డీజిల్ జనరేటర్ ఉంటాయి. దీనిని నిర్మించేది చాలా సందర్భాల్లో ఫోను సేవ అమ్మే కంపెనీ కాదు. టవర్లను కట్టి, వాటి మీద చోటును సేవా సంస్థలకు అద్దెకిచ్చే మౌలిక వసతుల కంపెనీ వేరుగా ఉంటుంది. గ్రామస్థుడు తన ఫోనులో కనిపించే కంపెనీ పేరుతో ఫిర్యాదు రాసి, అది తమ ఆస్తి కాదన్న జవాబు అందుకోవడానికి ఈ విభజనే కారణం. ఎత్తు విషయంలో విమానయానానికీ, తరంగాల విషయంలో ఇతర వైర్‌లెస్ కేంద్రాలకూ అడ్డం రాకుండా చూసే అనుమతిని టెలికాం శాఖలోని ఫ్రీక్వెన్సీ కేటాయింపుల స్థాయీ సలహా సంఘం ఇస్తుంది. వ్యవహారంలో దానిని సాక్ఫా అనుమతి అంటారు. ఈ అనుమతి ఊరి భూమి గురించి గానీ, ఊరి అభిప్రాయం గురించి గానీ ఏమీ చెప్పదు.

భూమి మీద హక్కు విషయంలో చాలాకాలం ఆధారంగా నిలిచింది 1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం. ఆ చట్టంలోని 10వ సెక్షన్ తంతి స్తంభాలను ఇతరుల ఆస్తి మీద నిలబెట్టే అధికారాన్ని తంతి శాఖకు ఇస్తూనే మూడు హద్దులు గీసింది: శాఖకు దక్కేది వాడుకునే హక్కే తప్ప యాజమాన్యం కాదు, స్థానిక సంస్థకు చెందిన ఆస్తి అయితే ఆ సంస్థ అనుమతి కావాలి, జరిగిన నష్టానికి పరిహారం చెల్లించాలి. తంతి స్తంభాల కోసం రాసిన ఈ ఏర్పాటును ప్రైవేటు కంపెనీల సెల్ టవర్లకు అన్వయించడంలో ప్రతి రాష్ట్రమూ, కొన్ని చోట్ల ప్రతి పురపాలక సంఘమూ తనదైన దారి తొక్కగా, రుసుములూ షరతులూ ఊరికొక తీరుగా మారాయి. రాష్ట్రాలకు ఒక నమూనా ఇవ్వాలని టెలికాం శాఖ 2013 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చేలా సలహా మార్గదర్శకాలు పంపింది. ఫిర్యాదుల పరిష్కారానికి రాష్ట్ర స్థాయిలోనూ జిల్లా స్థాయిలోనూ టెలికాం కమిటీలు ఉండాలనీ, శాఖ క్షేత్ర విభాగం సమ్మతి లేకుండా టవర్లకు సీలు వేయరాదనీ అందులో ఉంది. సలహా అన్న పేరుకు తగ్గట్టే, దానిని పాటించిన తీరు కూడా రాష్ట్రానికొక రకంగా సాగింది.

2016 నవంబరులో వచ్చిన రైట్ ఆఫ్ వే నిబంధనలు, అంటే ఇతరుల స్థలం గుండా లేదా స్థలంలో టెలికాం సదుపాయం ఏర్పరచుకునే హక్కును క్రమబద్ధం చేసే నిబంధనలు, సలహాను చట్టబద్ధమైన బాధ్యతగా మార్చాయి. దరఖాస్తులో టవర్ స్థలం, విస్తీర్ణం, పని జరిగే తీరు, గడువు, నిర్మాణ భద్రత ధ్రువపత్రంతోపాటు ప్రజలకు కలిగే అసౌకర్యమేమిటో, దానిని తగ్గించడానికి తీసుకునే చర్యలేమిటో కంపెనీ చెప్పాలి. 60 రోజుల్లో అధికారి నిర్ణయం చెప్పాలి, తిరస్కరించేటప్పుడు దరఖాస్తుదారు వాదన విని కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలి, గడువు దాటితే అనుమతి లభించినట్లే భావించాలి. స్థానిక సంస్థ కోణం నుంచి చూస్తే ఇది సమతూకం గల ఏర్పాటే. మౌనంగా కూర్చుని ఫైలును తొక్కిపెట్టే అవకాశం పోయింది గానీ, కారణం చూపి కాదనే అవకాశం మిగిలింది. అసౌకర్యం గురించి అడిగిన ఆ ఒక్క గడి గనుక సక్రమంగా నింపించి ఉంటే, ఆ తర్వాత తలెత్తిన తగాదాల్లో చాలా భాగం దరఖాస్తు దశలోనే తేలిపోయేవి.

అసలు మలుపు 2022 ఆగస్టులో వచ్చిన సవరణ. దాని ప్రకారం ప్రైవేటు స్థలంలో టవర్ పెట్టదలచిన కంపెనీకి స్థానిక అధికారి అనుమతితో పని లేదు. పని మొదలుపెట్టే ముందు, కట్టడం వివరాలు, స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువపత్రం జతచేసి, రాతపూర్వకంగా తెలియజేస్తే సరిపోతుంది. పల్లెల్లో టవర్ల కోసం కంపెనీలు ముందుగా చూసేది పట్టా భూములనే కనుక, ఈ సవరణతో గ్రామ పంచాయతీకి టవర్ల మీద ఉన్న మాట చాలా వరకు చేజారింది. 2023 డిసెంబరులో రాష్ట్రపతి ఆమోదం పొందిన టెలికమ్యూనికేషన్ల చట్టం 1885 నాటి చట్టం స్థానాన్ని ఆక్రమించగా, అందులోని భూమి హక్కుల అధ్యాయం 2024 జూన్ 26 నుంచి, దాని కింద రూపొందిన కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రభుత్వ ఆస్తి అయితే దరఖాస్తు, గడువు, గడువు దాటితే అనుమతి అన్న పద్ధతి కొనసాగుతుంది; ప్రైవేటు ఆస్తి అయితే యజమానితో కుదిరే ఒప్పందమే ఆధారం. యజమాని ఒప్పుకోనప్పుడు సైతం, ప్రజా ప్రయోజనం దృష్ట్యా అవసరమని కేంద్రం భావిస్తే కంపెనీకి హక్కు ఇప్పించే వీలు చట్టంలో ఉంది. వివాదాలు తీర్చే బాధ్యత జిల్లా మెజిస్ట్రేటుది. ఈ మొత్తం అమరికలో భూయజమాని, కంపెనీ, కేంద్రం, కలెక్టరు కనిపిస్తారు. పక్క పొలం రైతు, ఎదురింటి మనిషి ఏ దశలోనూ కనిపించరు.

అయినప్పటికీ పంచాయతీ తీర్మానం, ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) అనే మాటలు గ్రామీణ వ్యవహారంలో ఇంకా చెలామణిలోనే ఉన్నాయి. కంపెనీ తరఫు మనిషి పంచాయతీ కార్యదర్శి చేతికిచ్చే కాగితాల కట్టలో పట్టాదారు పాస్‌బుక్ నకలు, స్థలం స్కెచ్, అద్దె ఒప్పందం, ధ్రువపత్రాలు ఉంటాయి. స్కెచ్‌లో టవర్ కాళ్ల నాలుగు గుర్తులు, కంచె కొలతలు, జనరేటర్ దిమ్మె స్థానం స్పష్టంగానే కనిపిస్తాయి. కంచె దాటిన తర్వాత అందులో ఏమీ ఉండదు. బడి ఎంత దూరం, చెరువు కట్ట ఎటువైపు, డీజిల్ బండి ఏ డొంక దారిన వస్తుంది, పొరుగింటి కిటికీకి జనరేటర్ పొగ ఎంత దగ్గర అన్నవి చూపమని ఏ నిబంధనా గట్టిగా అడగలేదు కాబట్టి స్కెచ్ గీసినవారు చూపలేదు. పాలకవర్గం ముందు పెట్టిన కాగితం అలాంటిదైనప్పుడు, దాని మీద జరిగే చర్చ భూమి అద్దె ఎవరికి దక్కింది అన్న అసూయ దగ్గరో, రేడియేషన్ అన్న భయం దగ్గరో ఆగిపోవడంలో వింత లేదు.

భూమి రికార్డు విషయంలో పంచాయతీ కన్నా రెవెన్యూ శాఖ పాత్ర నిర్ణాయకమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అమ్మకంతోపాటు కౌలును కూడా బదిలీగానే లెక్కగట్టింది. కనుక ప్రభుత్వం పేదలకు పంచిన భూమిలో టవర్‌కు చోటిచ్చి ఏటా అద్దె తీసుకోవడం, రైతుకు మామూలు వ్యవహారంలా కనిపించినా, పట్టాకే ముప్పు తేగలదు. ఇక్కడే మోసగాళ్ల సంగతీ చెప్పుకోవాలి. టవర్ పెడతామని, నెలనెలా భారీ అద్దె వస్తుందని, ముందుగా ట్రాయ్ ఎన్‌ఓసీ రుసుము కట్టాలని ఫోన్లు చేసి రైతుల దగ్గర డబ్బు గుంజే ముఠాల గురించి టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ పదేపదే ప్రకటనలు ఇచ్చింది. టవర్ల కోసం ఆ సంస్థ ఎలాంటి ఎన్‌ఓసీ ఇవ్వదు, ఎవరి దగ్గరా రుసుము తీసుకోదు. అనుమతి ఎవరిస్తారో ఊరికి తెలియని స్థితి ఈ మోసాలకు పెట్టుబడి.

గ్రామస్థుల అభ్యంతరాల్లో అన్నిటికన్నా ముందు వచ్చేది ఆరోగ్యం. అయానీకరణం చెందించని వికిరణ రక్షణ కోసం ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 1998లో ప్రకటించిన పరిమితులను భారతదేశం 2008లో స్వీకరించి, 2012 సెప్టెంబరు 1 నుంచి వాటిని పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్‌జ్ దగ్గర అంతర్జాతీయ పరిమితి చదరపు మీటరుకు 4.5 వాట్లు అయితే, ఆ తగ్గింపుతో ఇక్కడ నిర్ణయమైంది 0.45 వాట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011 మేలో రేడియో తరంగాలను క్యాన్సర్ కారకం కావచ్చునన్న 2బి వర్గంలో చేర్చిన మాట నిజమే గానీ, ఆ నిర్ణయానికి ప్రధానంగా ఆధారమైనవి చెవికి ఆనించి మాట్లాడే ఫోనుల మీద జరిగిన అధ్యయనాలు. దూరాన ఉన్న టవర్ నుంచి శరీరానికి చేరే శక్తి, చెవి దగ్గరి ఫోను ఇచ్చేదానితో పోలిస్తే చాలా తక్కువ.

ఈ సందర్భంలో టవర్‌ను ఊరి బయటికి జరపమన్న కోరికను కొంచెం లెక్కవేసి చూడడం అవసరం. యాంటెనా నుంచి వెలువడే ప్రధాన కిరణపుంజం నిట్టనిలువుగా కిందికి పడదు. అది దాదాపు అడ్డంగా, కాస్త నేలవైపు వంగి సాగుతుంది. 36 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెనాను 4 డిగ్రీలు కిందికి వంచితే దాని పుంజపు నడిమి గీత సుమారు 515 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అంటే టవర్ కాళ్ల దగ్గర నిలబడిన మనిషి మీద కన్నా అర కిలోమీటరు అవతలి మనిషి వైపే ఆ పుంజం ఎక్కువగా గురిపెట్టి ఉంటుంది, టవర్‌ను పొలాల్లోకి జరపడం వల్ల ఊరు ఆ పుంజపు దారిలోకి రావచ్చు. అయితే దూరంతోపాటు శక్తి వేగంగా పలచబడుతుంది. 20 వాట్ల ప్రసారాన్ని యాంటెనా ఒక దిశలో 50 రెట్లు కేంద్రీకరించిందనుకుంటే, 515 మీటర్ల దగ్గర అది చదరపు మీటరుకు సుమారు 0.0003 వాట్లకు దిగుతుంది, ఇది 0.45 వాట్ల పరిమితిలో దాదాపు 1500వ వంతు. ఒకే టవర్ మీద పలు ప్రసారాలు కలిసినా పరిమితికి చాలా దిగువనే ఉంటుంది. అనుమానం తీరని వారికోసం 2017లో మొదలైన తరంగ్ సంచార్ వేదిక ద్వారా 4,000 రూపాయలు చెల్లించి తమ ఇంటి దగ్గర కొలత తీయించుకునే వీలు ఏర్పడింది. ఆ మొత్తం పల్లెటూరి కుటుంబానికి చిన్నది కాదు. పంచాయతీయే ఊరి తరఫున ఆ కొలత తీయించి, ఫలితాన్ని కార్యాలయం గోడకు అంటించడం అంతకన్నా తేలికైన దారి.

న్యాయస్థానాలు ఈ విషయంలో ఒకే గొంతుతో మాట్లాడలేదు. కేరళలోని చేమంచేరి గ్రామ పంచాయతీ వ్యవహారంలో ఆ రాష్ట్ర హైకోర్టు 2006లో శాస్త్రీయ ఆధారం లేని భయాన్ని కారణంగా చూపి టవర్‌ను అడ్డుకోవడాన్ని సమర్థించలేదు. 2012 నవంబరులో రాజస్థాన్ హైకోర్టు ఇందుకు భిన్నంగా, ముందుజాగ్రత్త దృష్టితో, బడులు, ఆస్పత్రులు, ఆటస్థలాల నుంచి టవర్లను తొలగించాలని ఆదేశించింది. పరిమితులు అన్ని చోట్లా ఒకటే కనుక బడులకూ ఆస్పత్రులకూ వేరు దూరం పాటించాలనడానికి ప్రాతిపదిక లేదన్నది టెలికాం శాఖ వైఖరి. మొత్తం మీద, తరంగాల వల్ల హాని ఉందా లేదా అన్నది పంచాయతీ తేల్చగల విషయం కాదన్న అభిప్రాయమే బలపడింది. అది సరైన అభిప్రాయమే. పదిహేను మంది వార్డు సభ్యులు ఓటు వేసి భౌతికశాస్త్రాన్ని నిర్ణయించలేరు.

ఇతర దేశాలు కూడా ఆరోగ్య ప్రశ్నను స్థానిక సంస్థల చేతుల్లోంచి తీసివేశాయి. అమెరికాలో 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం, అక్కడి కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ పరిమితులకు లోబడిన టవర్‌ను రేడియో తరంగాల ప్రభావం పేరుతో తిరస్కరించరాదంది. ఇంగ్లండులోని జాతీయ ప్రణాళికా విధాన పత్రం, సేవ అవసరమా అని ప్రశ్నించవద్దనీ, అంతర్జాతీయ పరిమితులకు భిన్నమైన ఆరోగ్య నియమాలు పెట్టవద్దనీ స్థానిక సంస్థలకు చెబుతుంది. ఆ రెండు దేశాల్లోనూ ఆరోగ్యాన్ని పక్కన పెట్టినా, టవర్ ఎక్కడ నిలవాలి, ఎలా కనబడాలి అన్న ప్రశ్న మాత్రం ఊరి దగ్గరే ఉండిపోయింది. ఇంగ్లండులో పూర్తి స్థాయి ప్రణాళికా అనుమతి అక్కరలేని టవర్ల విషయంలో సైతం చాలా సందర్భాల్లో స్థానాన్ని, రూపాన్ని 56 రోజుల్లోగా పరిశీలించి ముందస్తు ఆమోదం ఇచ్చే లేదా నిరాకరించే అధికారం స్థానిక సంస్థకు ఉంది. బడి దగ్గర పెట్టేటప్పుడు బడివారితో ముందే మాట్లాడినట్లు కంపెనీ ఆధారం చూపాలి. అమెరికా సుప్రీంకోర్టు 2015 జనవరిలో రాస్‌వెల్ నగరం కేసులో, తిరస్కరించిన నగరం తన కారణాలను తిరస్కరణతోపాటు, లేదా దాదాపు అదే సమయంలో, రాతపూర్వకంగా చెప్పాలని తీర్పునిచ్చింది. కారణం చెప్పాలన్న షరతులోనే, కారణముంటే కాదనవచ్చునన్న హక్కు ఇమిడి ఉంది.

భారతదేశంలో జరిగింది వేరు. ఆరోగ్య ప్రశ్నను కోర్టులు, టెలికాం శాఖ కలిసి పంచాయతీ నుంచి తీసివేయగా, ప్రైవేటు భూమి విషయంలో స్థాన నిర్ణయ ప్రశ్నను 2022 సవరణ తీసివేసింది. రెండోదానికి మొదటిదానికున్నంత సమర్థన లేదు. తరంగాల కొలత నిపుణుల పని గానీ, టవర్‌ను వంద మీటర్లు అటు జరిపితే చెరువు కట్ట మీది దారి చెడకుండా ఉంటుందా, ఇప్పటికే ఉన్న వేరే టవర్ మీద చోటు అద్దెకు తీసుకోవచ్చునా, జనరేటర్ పొగగొట్టాన్ని ఇళ్ల వైపు నుంచి పొలాల వైపు తిప్పవచ్చునా అన్నవి ఊరివాళ్లకే బాగా తెలిసిన సంగతులు. డీజిల్ విషయంలో కేంద్రమే 2012లో గ్రామీణ టవర్లలో కనీసం సగం, 2015 కల్లా, సౌర విద్యుత్తు వంటి పునరుత్పాదక శక్తిని గ్రిడ్ కరెంటుతో కలిపి వాడాలని లక్ష్యం పెట్టింది. అర్ధరాత్రి జనరేటర్ మోతతో నిద్రపట్టని కుటుంబం ఆ లక్ష్యాన్ని గుర్తుచేయడానికి కూడా స్థానికంగా వేదిక లేదు. చెప్పుకోదగిన ఏ అభ్యంతరానికీ చోటు లేనప్పుడు అన్ని అభ్యంతరాలూ రేడియేషన్ అన్న ఒక్క మాట వెనక దాక్కుంటాయి, ఆ మాటకు కోర్టుల్లో బలం లేదు కనుక అన్నీ కలిసి వీగిపోతాయి. అభ్యంతరాన్ని అజ్ఞానంగా కొట్టిపారేసే వ్యాఖ్యాతలు ఈ సంగతిని గమనించినట్లు కనబడదు.

మన్యం ప్రాంతాల్లో కథ తిరగబడుతుంది. అక్కడ టవర్ వద్దన్న గొంతు కన్నా ఎప్పుడొస్తుందన్న గొంతే ఎక్కువ వినబడుతుంది. సిగ్నల్ కోసం కొండ ఎక్కి రేషన్, పింఛను వేలిముద్రలు వేయించుకోవలసిన గూడేలకు టవర్ అంటే అంబులెన్సు, బ్యాంకు, బడి హాజరు అన్నీ. కేంద్ర మంత్రివర్గం 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల 7,287 గ్రామాలకు, 2022 జులైలో దేశవ్యాప్తంగా 24,680 గ్రామాలకు 4జి సేవలు అందించే పథకాలను ఆమోదించింది. రెండో పథకానికి కేటాయించిన మొత్తం 26,316 కోట్ల రూపాయలు, అమలు బాధ్యత బీఎస్‌ఎన్‌ఎల్‌ది. డబ్బు మంజూరైన తర్వాత ఎదురయ్యేది భూమి ప్రశ్న.

షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన, 1959 నాటి రూపంలోనూ 1970 సవరణ తర్వాత మరింత కఠినంగానూ, గిరిజనేతరులకు భూమి చేరకుండా కట్టడి చేస్తుంది. బదలాయింపు అన్నప్పుడు కౌలు కూడా అందులోకి వస్తుంది. సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ప్రభుత్వం సైతం ఆ నిబంధనకు లోబడినదేనని, ప్రభుత్వ భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెబుతూ, ప్రభుత్వ రంగ సంస్థలకూ గిరిజన సహకార సంఘాలకూ వెసులుబాటు ఉంచింది. గనుల విషయంలో వచ్చిన ఆ తీర్పు సెల్ టవర్‌ను ఉద్దేశించినది కాదు గానీ, మన్యంలో ప్రైవేటు కంపెనీ ఒక రైతుతో నేరుగా అద్దె ఒప్పందం రాసుకోవడం మైదానంలోలా సులభం కాకపోవడానికి నేపథ్యం ఈ చట్టమే. అటవీ భూమి అయితే, 2006 నాటి అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షన్ హెక్టారుకు లోపు భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, బడులు, రోడ్లు, టెలికాం లైన్ల వంటి ప్రజా సదుపాయాలకు మళ్లించడానికి వీలు కల్పిస్తూ గ్రామసభ సిఫారసును తప్పనిసరి చేసింది. మైదానంలో సర్పంచ్‌కు ముందస్తు సమాచారం అందితే చాలనే దేశంలో, అడవి అంచున ఉన్న గూడెం మాత్రం గ్రామసభలో కూర్చుని టెలికాం సదుపాయం గురించి సిఫారసు చేసే స్థానంలో ఉంది. గ్రామసభ అడిగితే పని ఆగిపోతుందన్న వాదనకు ఇది సమాధానం కూడా. టవర్ కావాలనుకున్న గూడేలు ఆ సిఫారసు చేయడానికి వెనకాడవు. స్థలం విషయంలో ఏ చెట్టును, ఏ శ్మశానాన్ని వదిలిపెట్టాలో కూడా అప్పుడే చెప్పగలుగుతాయి.

మిగిలింది పన్ను. అనుమతి చేజారిన తర్వాత పంచాయతీకి టవర్‌తో ఉన్న సంబంధం ఆదాయం ఒక్కటే. గుజరాత్ నుంచి వచ్చిన అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 16న, రాష్ట్ర జాబితాలోని 49వ అంశం కింద సెల్ టవర్‌ను భవనంగా పరిగణించి రాష్ట్ర చట్టం ద్వారా ఆస్తి పన్ను వేయవచ్చునని తేల్చింది. ఏడేళ్లు తిరిగేసరికి 2023 చట్టం, ఏదైనా ఆస్తి మీద నెలకొల్పిన టెలికాం నెట్‌వర్క్‌ను ఆ ఆస్తి మీది పన్ను, సెస్సు, రుసుముల విషయంలో ఆ ఆస్తిలో భాగంగా లెక్కించరాదని 14వ సెక్షన్‌లో రాసింది. భూయజమానికి పడే పన్ను పెరగకుండా చూడడం వరకే ఆ సెక్షన్ ఉద్దేశమా, లేక టవర్‌ను వేరు భవనంగా చూసి కంపెనీకి పన్ను నోటీసు ఇచ్చే పంచాయతీ అధికారాన్ని కూడా అది తాకుతుందా అన్నది చట్టం పాఠంలో తేటపడలేదు. మొదటి అర్థమే నిలిస్తే 2016 తీర్పు యథాతథంగా వర్తిస్తుంది. రెండోది నిలవాలంటే మాత్రం, 49వ అంశం రాష్ట్రానికిచ్చిన పన్ను అధికారాన్ని 31వ అంశం కింద చేసిన కేంద్ర చట్టం ఎంతవరకు కుదించగలదో న్యాయస్థానం ముందుగా చెప్పవలసి ఉంటుంది.